నూటికి రెండు

ఆ ఆట రాసింది నేనే. ఎవరు అడిగినా దాచను. టాలిన్ రేవు పక్కన ఒక పాత మిల్లులో, మూడో అంతస్తులో, హిల్లార్ అనే నా భాగస్వామీ నేనూ పద్నాలుగు నెలలు కూర్చుని రాశాం. ఆట చాలా చిన్నది. ఒకటి నుంచి వంద వరకు ఏదో ఒక అంకె పడుతుంది. నలభై తొమ్మిది వరకు పడితే కాసినదానికి రెండింతలు ఇస్తుంది, దాటితే కాసింది పోతుంది. అంటే నూటికి రెండు ఎప్పుడూ ఆట వైపే మొగ్గు. అంతకన్నా తక్కువకు ఎవరూ ఆడించడం లేదని మేం చంకలు గుద్దుకున్నాం.

అది బ్లాక్‌చెయిన్ మీద, అంటే ఎవరి సొంతమూ కాని వేల కంప్యూటర్లలో, దానంతటదే నడిచే కోడ్; స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. పందెం తీసుకునేదీ డబ్బు చెల్లించేదీ ఆ కోడే. మధ్యలో మనిషి ఉండడు, ఆడేవాళ్ల పేరు కూడా అడగదు. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. కోడ్‌ను మార్చే హక్కు రాసినవాళ్ల చేతిలో ఉంటే ఆ ఆటను ఎవరూ నమ్మరు. అందుకే అందరూ చూస్తుండగా ఆ హక్కును శాశ్వతంగా వదులుకున్నాం. కేకు కోశాం. "ఇక దీన్ని మనం కూడా చెడగొట్టలేం" అన్నాడు హిల్లార్. నేను చప్పట్లు కొట్టాను.

నా తమ్ముడు అహ్తి రేవులో క్రేన్ నడుపుతాడు. అంతకు రెండేళ్ల ముందు జూదంలో పీకల్దాకా మునిగి, నా వంటింట్లోనే కూర్చుని, తనను ఏ జూదశాలలోకీ రానివ్వొద్దని ప్రభుత్వ జాబితాలో పేరు రాయించుకున్నాడు. పక్కన కూర్చుని రాయించింది నేనే. ఆ జాబితాను లైసెన్సున్న ప్రతివాళ్లూ చూస్తారు. పేరే అడగని నా ఆట ఏ జాబితా చూస్తుంది? తెలివిగలదాన్నని విర్రవీగాను కానీ, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఫిబ్రవరిలో అహ్తి ఆఫీసుకు వచ్చాడు. కోటు కూడా విప్పలేదు.

"అక్కా, నీ ఆటలో నన్ను ఆపెయ్."

 "ఆపలేనురా" అన్నాను.

"నువ్వు రాసిందేగా?"

"రాసింది నేనే. ఇప్పుడు దాన్ని ముట్టుకునే హక్కు నాకూ లేదు."

"బావుంది. ఊళ్లో వాళ్ల జూదాలన్నిటికీ నా చేత తాళం వేయించావు. నీది మాత్రం బార్లా తెరిచిపెట్టావు."

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వు చూడలేకపోయాను.

ఆ ఆటలో ప్రతి పందెమూ అందరికీ కనిపిస్తుంది. పేర్లకు బదులు పొడుగాటి అక్షరాల చిరునామాలుంటాయి. అహ్తి ఎప్పుడూ ఏడు యూరోలతో మొదలుపెట్టి, ఓడినప్పుడల్లా రెట్టింపు చేస్తాడని నాకు తెలుసు. మార్చిలో ఒక చిరునామా కనిపించింది. రోజూ పదింబావుకు, సరిగ్గా రేవులో టీ వేళకు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఎనిమిది. వీడే అనుకున్నాను. ఇక ఆ తెర ముందు నుంచి కదల్లేదు. వాడికి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగేదాన్ని. "బాగానే ఉన్నా అక్కా" అనేవాడు. ఒకరోజు ఆ మాట వింటుండగానే తెర మీద యాభై ఆరు యూరోల పందెం పడింది. ఎంత బాగా అబద్ధమాడుతున్నాడురా అనుకుని ఏడ్చాను.

ఆటను ఆపే దారి ఒక్కటే మిగిలింది. గెలిచినవాళ్లకు చెల్లించే గల్లాలో సొమ్ము యాభై వేల కంటే తగ్గితే అది ఇక పందేలు తీసుకోదు. కోడ్‌లో ఆ వరస నేనే రాశాను. గల్లాలో మాతో పాటు, లాభంలో వాటా కోసం పెట్టిన ముక్కూమొహం తెలియని చాలామంది సొమ్ముంది. నా వాటా ముప్పై ఒక్క వేలు వెనక్కి తీసుకున్నాను. హిల్లార్‌ను కూడా తీయమని బతిమాలాను.

"నీ తమ్ముడి కోసం కొట్టు మూసుకోమంటావా?" అన్నాడు.

ఇంకా తొంభై వేలు ఉన్నాయి. ఎవరో ఒకరు నలభై వేలకు పైగా గెలిస్తే తప్ప ఆట ఆగదు. ఆ ఎవరో నేనే ఎందుకు కాకూడదు అనిపించింది. పెద్ద పందేలు రెండు మూడు మాత్రమే వేస్తే సగానికి కాస్త తక్కువ అవకాశం ఉంటుంది. కానీ ఒక పందెం ఐదువందలు దాటకూడదని కూడా ఈ మహాతల్లే రాసింది. చిన్న పందేలు ఎన్ని వేస్తే ఆ నూటికి రెండు అంతగా తినేస్తుందని నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా ఆడాను. మొదటి రోజు ఆరు వేలు గెలిచాను. పదకొండో రోజుకు నా దగ్గరున్న ముప్పై ఒక్క వేలూ పోయాయి. జీవితంలో కూడబెట్టినదంతా అదే. అదంతా మళ్లీ గల్లాలోనే పడింది.

మే నెల ఆదివారం మధ్యాహ్నం అహ్తి ఇంటికి వెళ్లాను. నల్ల రొట్టె ముక్కల మీద ఉప్పుచేపలు పేరుస్తున్నాడు. ఉన్నదంతా చెప్పేశాను. "నువ్వు రోజూ పదింబావుకు ఏడుతో మొదలుపెడుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయానురా" అన్నాను.

వాడు చాకు కింద పెట్టాడు.

"అక్కా, నేను ఫిబ్రవరి నుంచి ముట్టుకోలేదు."

బల్ల మీదున్న బొత్తాల ఫోన్ చూపించాడు. కొత్త నంబరు ఇచ్చినప్పుడు ఎందుకని నేను అడగనే లేదు. అసలు ఫోన్ తోటి క్రేన్ డ్రైవరు దగ్గర దాచమని ఇచ్చాడట. గురువారం గురువారం తనలాంటి వాళ్లతో కూర్చుని మాట్లాడి వస్తున్నాడట. గోడ మీది క్యాలెండర్‌లో గీతలున్నాయి, డెబ్బై ఎనిమిది.

"మరి అది ఎవరు?"

"ఎవడో. ఏడుతో మొదలెట్టేవాడు లోకంలో నేనొక్కడినేనా?"

"నాకు చెప్పొచ్చుగా!"

"నువ్వడిగిన ప్రతిసారీ చెప్పా. బాగానే ఉన్నానని."

వాడు కోప్పడి ఉంటే బాగుండేది. రొట్టె నా ముందుకు జరిపి తినమన్నాడు. ఎంత పోయిందని అడిగాడు. చెప్పాను.  ఇక ఆ ఆట జోలికి వెళ్లనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. మెట్లు దిగుతుంటే, డబ్బు పోయినందుకు కాదు, వాడి మాట ఒక్కసారి కూడా నమ్మనందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

తొమ్మిది రోజుల తర్వాత, మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వాడు ఫోన్ చేశాడు. దాచమని ఇచ్చిన ఆ పాత నంబరు నుంచి. గొంతు ఎంత హుషారుగా ఉందో.

"అక్కా, కోప్పడకు. నువ్వు పోగొట్టుకున్నదాంట్లో నాలుగు వేల రెండొందలు తిరిగొచ్చాయి. మిగతాదీ రాబడతా. నువ్వు మాత్రం ముట్టుకోకు."

"అహ్తీ, వద్దురా. నాకు అక్కర్లేదు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆపెయ్."

"నా కోసం కాదక్కా, నీ కోసమేగా. ఉండు, ఉండు, ఇది కూడా పడేలా ఉంది."

నేను ఆగరా, ఆగరా అంటూనే ఉన్నాను. వాడు తెర వైపు చూస్తున్నాడని, నా మాట వినడం లేదని తెలుస్తూనే ఉంది.