కంచె పక్క మంచె

వెర్లిన్ తన వేట మంచెను తన నేలలోనే వేసుకున్నాడు. అది నేను కాదనను. కంచెకు అడుగు దూరంలో, నాలుగు కర్రల మీద ప్లైవుడ్ పెట్టెలాంటి గది. దానికి కిటికీ మాత్రం ఒక్కటే. అది నా నేల వైపు తెరుచుకుంటుంది. తన కంచం ముందు కూర్చుని పక్కవాడి కంచంలోకి చెయ్యి చాచేవాణ్ణి ఏమంటారు? మా విస్కాన్సిన్ కొండల్లో పొరుగువాడు అనే అంటారు. అంతకన్నా ఘాటైన మాట వాడితే ఆదివారం చర్చిలో ముఖాలు చూసుకోవడం కష్టం.

నాది నలభై ఎకరాలు. అందులో సగం నీళ్లు నిలిచే నేల. మొక్కజొన్నకు పనికిరాదు, ఆవులకు పనికిరాదు. పదో తరగతి వదిలేసి సామిల్లులో చేరినవాడికి అంతకన్నా మంచిది ఎవడు అమ్ముతాడు? దాన్నే జింకల కోసం మలిచాను. పాప్లర్ చెట్లను ఛాతీ ఎత్తున సగం కోసి పక్కకు వంచాను. అలా చేస్తే చెట్టు చావదు, కొమ్మలు నేలమీద పరుచుకుని చిగురిస్తాయి. జింకలు ఆ చిగురు తిని ఆ నీడలోనే పడుకుంటాయి. పక్కన ఒక నేలచెక్కలో క్లోవర్ గడ్డి, టర్నిప్ వేశాను. మధ్యలో ఉన్న పొదల్లోకి మాత్రం ఎవరూ పోరు. నేనూ పోను. ఒకసారి నా టోపీ గాలికి ఎగిరి అందులో పడితే, వేట కాలం ముగిసేదాకా తెచ్చుకోలేదు. పడమటి గాలి వీచిన రోజున నా వాసన ఆ పొదల్లోకి పోతుందని వేటకే వెళ్లను.

"సొంత నేల మీద కాలు పెట్టడానికి గాలిని అడిగే మగాణ్ణి నిన్నే చూశాను," అంటుంది నా భార్య లొరెట్టా.

చిన్న నేలతో వచ్చిన చిక్కు ఒకటుంది. జింక నా దగ్గర పడుకుంటుంది, మేతకు వెర్లిన్ వైపు పోతుంది. పెరగనిద్దామని నేను కాల్చకుండా వదిలిన పిల్లపోతును, కుర్ర మగజింకను, వాడు కాలిస్తే నా ఓపికంతా వాడి ఫ్రీజర్‌లోకి చేరుతుంది. అందుకే వాణ్ణి మా వంటింట్లో కూర్చోబెట్టి, కొమ్ములు చెవులకన్నా బయటికి పెరగని పోతును ఇద్దరం వదిలేద్దామన్నాను. సరే అని చెయ్యి కలిపాడు. మా వేటమాంసం సాసేజ్ పళ్లెం ఖాళీ చేసి మరీ వెళ్లాడు. ఆ వేసవిలోనే మంచె లేపాడు.

వాడి కన్ను ఎడమ కొమ్ము కిందికి వంగిన పోతు మీద ఉందని నాకు తెలుసు. అది బుడ్డ కొమ్ములతో ఉన్నప్పటి నుంచీ నేను వదులుతూ వచ్చిన జంతువు. ఒకసారి నేను మాటు వేసిన చెట్టు కిందే నిలబడి తుమ్మింది. అప్పుడూ వదిలాను. ఈ ఏడు మాత్రం అది నాది అనుకున్నాను.

వేట మొదలైన పొద్దున, తెల్లారి వెలుగు పడీ పడకముందే మంచెలోంచి తుపాకీ పేలింది. కాసేపటికి ఆ పోతు నడుము వంచి, కుంటుతున్నట్టు నడుస్తూ నా ముందు నుంచే పొదల్లోకి దూరింది. మరో దెబ్బ వేసి దాని బాధ తీర్చేవాణ్ణే. అడ్డంగా కొమ్మలు.

వెర్లిన్ తుపాకీలో తూటాలు తీసేసి కంచె దగ్గర నిలబడ్డాడు. మాలో అది మర్యాద. దెబ్బతిన్న జింక పక్క నేలలోకి పోతే, ఆ నేలవాడు రమ్మనేదాకా తీగ దాటకూడదు.

"ఓరిన్! చూశావా, ఎంత పోతో! గుండెలోనే తగిలింది."

నేను జాడ చూశాను. ఆకుల మీద తెల్లటి కడుపు వెంట్రుకలు, పచ్చటి మేత రసం. నెత్తురు లేదు.

"గుండె కాదు, పేగులు," అన్నాను. "దాన్ని కదపొద్దు. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుని చస్తుంది. వెంటపడితే ఏ ఊరికి పోతుందో దేవుడికే తెలియాలి."

"ఈలోపు కయోటీ నక్కలు పీక్కుతినవూ?"

"తింటే తిననీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక రా. నువ్వొక్కడివే రా, నడిచి రా."

"నీకు దక్కలేదని అలిగావా ఏంటి?"

"అలిగితే రావద్దనేవాణ్ణి కదా, వెర్లిన్! చట్టం నావైపే ఉంది. జంతువు కుళ్లిపోకూడదని రమ్మంటున్నాను."

"సరే సామీ, నీ గుడి, నీ పూజ," అని నవ్వి చెయ్యి ఊపాడు.

ఇంటికొచ్చి బూట్లు విప్పాను. లొరెట్టా కాఫీ పోసింది. కప్పు సగం కాకముందే పొలాల్లో నడిపే నాలుగు చక్రాల మోటారు బండి మోత వినిపించింది. రోడ్డు మీది మోత కాదది. నా పొదల్లోంచి వస్తోంది.

లేసులు కట్టకుండా, తుపాకీ కూడా తీసుకోకుండా పరుగెత్తాను. కంచె తీగ కోసి ఉంది. వెర్లిన్ బండి మీద, వాడి అల్లుడు ట్రెంట్ ముందు నడుస్తూ నేను వంచిన కొమ్మలను కాళ్లతో తొక్కి విరుస్తున్నాడు. ఆడ జింకలు, పిల్లలు, ఏళ్ల తరబడి అక్కడ భయం ఎరగని ప్రాణులన్నీ తోకలెత్తి తలో దిక్కుకు పారిపోతున్నాయి. వాటి వెనక ఆ పోతు. పడుతూ లేస్తూ రోడ్డు దాటి ఊబిలోకి దిగింది. పైన పల్చటి మంచు పలక. నాలుగడుగులు వేసేసరికి అది విరిగింది. రెల్లు మధ్య నడుము లోతు దిగబడి, తల ఎత్తి మావైపే చూసింది. కొంతసేపటికి తల వాల్చింది.

ఆ బురదలోకి మనిషి పోలేడు. పడవా పోదు.

"మధ్యాహ్నం అన్నాను కదరా!" అని అరిచాను.

"ట్రెంట్‌కి సాయంత్రం మ్యాచ్ ఉంది, తొందరపడ్డాడు," అన్నాడు వెర్లిన్. "పోనీ లే ఓరిన్. జింకే కదా. జింకలకేం కరువు?"

వాడి దవడ పగలగొట్టాలనిపించింది. లొరెట్టా వచ్చి నా చొక్కా వెనక నుంచి పట్టుకుంది కాబట్టి ఆగాను. మర్నాటికి కాకులు దిగాయి. రోడ్డు మీద పోయేవాళ్లు కార్లు ఆపి ఫోటోలు తీసుకున్నారు.

ఆ మర్నాడు నేను నా కుర్చీ, తుపాకీ తెచ్చి కంచె పక్కనే, వాడి మంచెకు ఎదురుగా వేశాను. సూర్యుడు పైకొచ్చాక క్లోవర్‌లోంచి ఒక పిల్లపోతు నడిచొచ్చింది. కొమ్ముకు రెండేసి మొనలు, చెవులైనా దాటలేదు. వాడి కిటికీ వైపే పోతోంది. వదిలితే పది అంగల్లో వాడి నేల. కిటికీలోంచి తుపాకీ మొన బయటికి జరగడం కనిపించింది.

నేను కాల్చాను. అక్కడికక్కడే పడింది.

వెర్లిన్ మంచె దిగొచ్చాడు. వాడి మొహంలో కోపం లేదు, అసూయ లేదు. నిజంగా సంతోషించాడు, వెధవ.

"భలే దెబ్బ! ఇదిరా పద్ధతి. ఉండు, లాగడానికి ఓ చెయ్యి వేస్తాను."

"కంచె దాటావో, నిన్నూ దీని పక్కనే పడుకోబెడతాను," అన్నాను.

వాడు అక్కడే ఆగిపోయాడు. నేను కొమ్ము పట్టుకుని లాగాను. రెండో చెయ్యి అవసరమే రాలేదు. అంత తేలిక.