పన్నెండో షరతు

నేను ఒక స్టాంపు కాగితాన్ని. ఎక్కడో అచ్చుయంత్రంలో పుట్టి, ఉద్దానంలో ఒక దస్తావేజుల రైటరు బల్ల మీదకు చేరాను. అంతవరకు నా మీద రాజముద్ర తప్ప మరేమీ లేదు. ఆ రోజులే బాగుండేవి.

రైటరు నా మీద కౌలు ఒప్పందం రాశాడు. దుంపల తవిటమ్మ తన జీడితోట కాపును ఆరేళ్లకు ఒక పిక్కల కంపెనీకి ఇచ్చింది. పిక్కలు ఏరుకోవచ్చు, చెట్టు నరకకూడదు. పన్నెండో షరతు ప్రకారం తగవు వస్తే కోర్టుకు పోకూడదు, మధ్యవర్తి తేల్చాలి. చదివి వినిపిస్తుంటే ఆ మాట దగ్గరే ఆమె ముఖం విప్పారింది.

"మజ్జెవర్తంటే మా కూర్మయ్య బావలాటోడే గదా బావూ? ఇద్దరి మద్దినా కూకుని సెప్తాడు."

"ఆఁ, అలాటోడే" అని రైటరు నవ్వాడు. ఆమె వేలిముద్ర వేసింది.

రెండో ఏడు కంపెనీ పిక్కలారబెట్టే కళ్లం కోసమని పదకొండు చెట్లు కొట్టించింది. మిగిలిన తొంభైకీ సున్నంతో గుర్తులు పెట్టించింది. తవిటమ్మ నన్ను ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని కంపెనీ ఆఫీసుకు వెళ్లింది.

"పన్నెండోది సదవండి. మజ్జెవర్తిని పిలండి."

మేనేజరు నన్ను ముట్టుకోనైనా లేదు. "ఇదేం మీ ఊరి తగువా? చేతనైతే కోర్టుకెళ్లు."

వెళ్లింది. చెట్లు నరకొద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీ జవాబు దాఖలు చేసింది, సాక్షులను తెచ్చింది, తవిటమ్మను బోనులో నిలబెట్టి ఒక పూటంతా ప్రశ్నించింది. రెండేళ్లు అలా గడిచి, ఓడిపోతామనిపించాక వాళ్లకు నేను గుర్తొచ్చాను. పన్నెండో షరతు ఉండగా కోర్టు ఎలా విచారిస్తుందన్నారు. జడ్జి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "రెండేళ్లు ఇక్కడ వాదించి, మధ్యవర్తిని అడిగే హక్కును మీ చేతులతో మీరే వదులుకున్నారు" అన్నాడు.

కంపెనీ అప్పీలుకు వెళ్లింది. వదులుకున్నారో లేదో తేలేదాకా కింది కోర్టు ఉత్తర్వులన్నీ ఆపమంది పై కోర్టు. అన్నిటిలో నరకొద్దన్న ఉత్తర్వూ ఉంది. నాలుగు రోజుల్లో తోట నేలమట్టమైంది. కాగితాల కట్టలో ఉన్న నాకు ఆ సంగతి ప్లీడరు గుమస్తా అప్పన్న ఎవరితోనో చెబుతుంటే తెలిసింది.

మూడేళ్లకు అప్పీలు పిలుపుకొచ్చింది. తీర్పు అరపేజీ. చెట్లు లేవు, కౌలు గడువూ తీరింది, కనుక తేల్చవలసింది ఏమీ లేదు. హక్కు వదులుకున్నారా లేదా అన్నదీ తేల్చనక్కరలేదు.

రికార్డు గదికి పోవలసిన కట్టల్లో నేనింకా వరండాలోనే ఉన్నాను. తవిటమ్మ అప్పన్నను అడిగింది. "గెలిసినామా, ఓడినామా?"

"రెండూ కాదు పెద్దమ్మా. ఇన్‌ఫ్రక్చువస్ అయిపోనాది."

"అంటే ఏటి?"

అప్పన్న తడుముకున్నాడు. "ఫలం నేదని."

"దానికి మూడేళ్లా బావూ? సెట్లు కొట్టిన నాడే నన్నడిగుంటే సెప్పుదును."

"నీ ఒప్పందం కాగితం ఎనక్కిస్తారు. దరకాస్తు ఎట్టమంటావా?"

"ఏటి సేసుకుందును?"

మెట్లు దిగి వెళ్లిపోయింది. నా వైపు చూడలేదు. ఆమె తప్పేమీ లేదు.

రికార్డు గదిలో నా కట్ట మీద, నన్ను ఏ ఏడు తగలబెట్టాలో నీలి సిరాతో రాశారు. నా విషయంలో కోర్టు గడువు తప్పకుండా చేసే పని బహుశా అదొక్కటే.