అంబిక చంపిన డ్రాగన్

ఐదు వందల ముప్పై పేజీలు. తొమ్మిది దినాలు. దినానికి ఎన్ని పేజీలో అంబిక లెక్క వేసుకోలేదు, వేసుకుంటే ఏడుపొస్తాది.

తప్పు ఎవురిది? ఆమెదే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలిసే లోకం మీదంతా కోపం.

రెండేండ్ల కిందట తోరణగల్లు ఉక్కు ప్లాంటు ల్యాబులో అందరికీ ఆ డ్రాగన్ పుస్తకం పిచ్చి పట్టింది. యాడ చూసినా అదే. క్యాంటీన్‌లో అదే, బస్సులో అదే. రాత్రికి రాత్రే అయిపోగొట్టినానని ఒకరు, రెండుసార్లు చదివినానని ఇంకొకరు. లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. అంబికేమో సంగనకల్లు సర్కారు బడిలో కన్నడంలో చదివి, పాలిటెక్నిక్ పాసై, ఖనిజం సాంపుళ్లు పరీక్ష చేసే పనికి వచ్చిన మనిషి. రిపోర్టులు ఇంగ్లీషులోనే రాస్తాది, దాంట్లో ఉండేవి అంకెలు గదా. కథ చదివేది వేరే మాట.

ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో హారతి అడిగింది. హారతి వయసులో చిన్నది, ఉద్యోగంలో పెద్దది, చదివింది కాన్వెంటులో. అయినా ల్యాబు మొత్తంలో అంబికను "అక్కా" అని నోరారా పిలిచేది ఆ పిల్లొక్కటే.

"అక్కా, నువ్వు చదివినావా?"

లేదని చెప్పుంటే ఏం పోయేది? ఏమీ పోయేది కాదు. కానీ నోరు ఊరికే ఉంటాదా? "ఓ, ఎప్పుడో అయిపోయింది" అనేసింది. అంతటితో ఆపిందా అంటే, అదీ లేదు. అంత లావు పుస్తకంలో ఎవురో ఒకరు చావకుండా ఉంటారా అని తనే ఊహించుకుని, "ఆఖర్లో ఆ డ్రాగన్ చచ్చిపోతాది గదా, ఎంత ఏడ్చినానో" అని తగిలించింది. చెప్తాంటే నిజంగానే కండ్లలో నీళ్లు తిరిగినాయి. హారతి మొగం చిన్నబోయింది. అమ్మయ్య, నమ్మింది, అనుకున్యాది అంబిక.

ఆ నమ్మకమే ఇప్పుడు మెడకు చుట్టుకున్యాది. ప్లాంటు టౌన్‌షిప్ ఆడోళ్లు నెలకొకసారి కూడి ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటారంట. వచ్చే శనివారం ఈ డ్రాగన్ పుస్తకమంట. ఒక మాటైనా అడక్కుండా, దాని గురించి మాట్లాడేకి అంబిక పేరు ఇచ్చేసింది హారతి.

"నీ అంత ప్రేమగా ఎవురు చెప్తారక్కా? పది నిమిషాలు, అంతే."

కాదంటే ఎందుకని అడుగుతాది. సరేనంటే పదిమంది ముందర పరువు గంగలో కలుస్తాది. ఆ పదిమంది ఏమనుకుంటే ఏంది గానీ, హారతి "అక్కా" అనేది మానేస్తే మాత్రం అంబిక తట్టుకోలేదు.

పుస్తకం తెప్పించుకుని, పాత క్యాలెండరు చింపి, పిల్లోళ్ల పుస్తకాలకు వేసినట్ల అట్ట వేసింది. ఇంటి దగ్గర సత్యనారాయణపేటలో కంపెనీ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని తెరిచింది. మొదట్లోనే ఒక పటం. నోరు తిరగని కొండలు, నోరు తిరగని నదులు. పటం దాటితే మనుషులు, వాళ్ల పేర్లు ఇంకా ఘోరం. వాక్యానికి రెండు మాటలు తెలీవు. ఫోన్‌లో అర్థం చూసేలోపల బస్సు గుంతలో పడి, వేలు జారి, పేజీ మారిపోతాది. ముందర ఖనిజం లారీలు, ఎనకాల ఖనిజం లారీలు, మధ్యలో అంబిక, ఒళ్లో పుస్తకం. తోరణగల్లు చేరేలోపల అయింది నాలుగు పేజీలు. థూ, ఏం బతుకిది!

"ఏందే అది?" అని పక్క సీటు రేణుక తొంగి చూసింది.

"డిపార్ట్‌మెంటు పరీక్ష."

"ఇంత లావా? ఎవురమ్మా నీకీ శిక్ష వేసింది?"

నేనే వేసుకున్యా అనలేక అంబిక పేజీ తిప్పింది.

ఇంట్లో మొగుడు ఓబులేష్‌ది ఇంకొక రకం. పొయ్యి మీద అన్నం, పెండ్లాం చేతిలో పుస్తకం చూసి, "అన్నం మాడుతాంది గానీ, నీ బల్లి ఎగిరిందా లేదా?" అని నవ్వుతాడు.

"బల్లి కాదు, డ్రాగన్."

"రెక్కలున్న బల్లే గదా."

"సుమ్మనుండప్పా, నోరు మూసుకో, నువ్వొకడివి!"

తెలీని మాటలు తెలీనట్లే వదిలేసి ముందుకు పోవడం మొదలుపెట్టింది. ఆదివారం ఇల్లు ఊడవకుండా చదివింది. టీ టైములో స్టోరు రూములో నిలబడి చదివింది. అన్నిటికంటే కోపమొచ్చే సంగతేందంటే, ఐదో దినానికి ఆ బల్లి, ఛీ, ఆ డ్రాగన్ ఆమెకు నచ్చేసింది. ముసలిది, మొండిది, ఎవురి మాటా వినదు. తన మీద ఎక్కే పిల్లను తిట్టకుండా ఒక్క పూట ఉండదు. ఇట్లాంటిదాన్ని చంపబుద్ది ఎట్లయిందో ఆ రాసినోళ్లకు అని అంబిక ఒళ్లు మండిపోయింది. తన అబద్ధాన్ని తనే నమ్మి, యుద్ధం వచ్చినప్పుడల్లా ఇదే, ఇప్పుడే అని భయపడతా చదివింది.

శుక్రవారం పొద్దున బస్సు ప్లాంటు గేటు దగ్గరికి వచ్చేటప్పటికి ఆఖరి పేజీ అయింది. డ్రాగన్ చావలేదు. పిల్లను నాలుగు తిట్లు తిట్టి, కొండల మీదుగా ఎగిరిపోయింది.

అంబికకు ప్రాణం లేచొచ్చింది. బస్సు దిగేలోపల మళ్లీ అదే ప్రాణం ఉసూరుమనింది. హారతి చదివింది గదా? అంటే రెండేండ్లుగా ఆ పిల్లకు అంతా తెలుసు. తెలిసే అక్కా అక్కా అంటాండాది. తెలిసే పేరు ఇచ్చింది. ఎందుకు? నలుగురిలో నిలబెట్టి నవ్వేకి!

బ్యాగు కూడా దించకుండా పోయి హారతి బల్ల ముందర నిలబడింది.

"నీకు తెలుసు గదా? తెలిసే నా పేరు ఇచ్చినావు గదా?"

"ఏం తెలుసక్కా?"

"ఆ డ్రాగన్ సంగతి! పుస్తకం చదవకుండానే చదివినామని చెప్పుకునే సంగతి!"

హారతి తల దించుకున్యాది. "ఎవురు చెప్పినారక్కా నీకు? అవును, నేను పూర్తిగా చదవలేదు. సగంలో ఉన్నప్పుడు నువ్వు చెప్పినావు, అది చచ్చిపోతాదని. నాకు దాంట్లో ఇష్టమైందే అదొక్కటి. మల్ల చదవబుద్ది కాలేదు, మూసి బీరువా మీద పెట్టేసినా. నన్ను మాట్లాడమంటే ఏం మాట్లాడాలో తెలీక నీ పేరు ఇచ్చినా. తప్పయిందక్కా."

అంబిక గట్టిగా తిట్టేకి వచ్చింది, ఆ తిట్లన్నీ ఇప్పుడు ఎవుర్ని తిట్టాల? సరేలే పో అని ఒక్క మాట అంటే చాలు, పరువు నిలుస్తాది. ఆ పిల్ల బీరువా మీద మాత్రం డ్రాగన్ చచ్చినట్లే పడుంటాది.

"అది చావదు హారతీ."

"ఏంది?"

"చావదు. నేను ఇప్పుడే బస్సులో చదివినా. అప్పుడు ఒక్క పేజీ కూడా చదవలేదు. అబద్ధం చెప్పినా."

హారతి తల ఎత్తి చూసింది. తిడతాదేమో, నవ్వుతాదేమో అని అంబిక బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుని నిలబడింది.

"ఆ దినం నీ కండ్లలో నీళ్లు నేను చూసినా గదక్కా," అన్యాది హారతి. "చదవకుండానే ఎట్ల ఏడ్చినావు?"

"మీరంతా చదువుతాండారు, నాకు చదివేకి రాదని ఏడ్చినా."