కుక్క ఎక్కడ పడుకుంటుంది

డ్వైట్ పెట్టెలో ముందు సర్దింది వాళ్ళ నాన్న వయొలిన్. తర్వాత మా పెళ్ళి ఫొటో. బట్టలు ఆఖరున కుక్కాడు. లాయరు అలాగే చెప్పాడట. మకాం నిజంగా మారిందని పన్నులవాళ్ళు నమ్మాలంటే మనిషికి ఇష్టమైనవన్నీ వెంట ఉండాలి. కుక్క ఎక్కడ పడుకుంటుందో కూడా అడుగుతారట.

"పెళ్ళాం ఎక్కడ పడుకుంటుందో అడగరా?" అన్నాను.

"అడుగుతారు ఐరిస్. అదే నా భయం."

మా ఆయన పడవల కంపెనీలో తన షేర్లు అమ్ముతున్నాడు. న్యూయార్క్ మనిషిగా అమ్మితే లాభంలో రాష్ట్రానికి వాటా పోతుంది. ఫ్లోరిడా మనిషిగా అమ్మితే పోదు. అక్కడ సంపాదన మీద రాష్ట్రం పన్ను వెయ్యదు.

"కొన్న సామాను మీద వేస్తారుగా," అన్నాను. "గిన్నెలు తోమేవాడు చెప్పులు కొన్నా, నువ్వు కొన్నా ఒకటే పన్ను."

"లైబ్రరీలో చదివిందంతా నా నెత్తిన పొయ్యకు."

"మా అమ్మను చూసే నర్సుకి జీతం ఎక్కడిదనుకున్నావు? ఇక్కడి పన్నుల్లోదే. ఫ్లోరిడాలో నర్సునిస్తారా అని ఫోన్ చేసి అడిగాను. పేరు రాయించుకుని వరసలో ఉండమన్నారు. తొంభై మూడేళ్ళ మనిషి ఎన్నాళ్ళుంటుంది వరసలో?"

"అందుకేగా నిన్ను రమ్మనడం లేదు. ఆవిడ మాత్రం ఇంకెన్నాళ్ళులే. తర్వాత నువ్వూ వచ్చేద్దువు గాని."

అమ్మ గది తలుపు తెరిచే ఉంది.

"నేను త్వరపడతాలే అబ్బాయ్," అంది అమ్మ లోపలినుంచి.

డ్వైట్ కుక్కను తీసుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయాడు.

షేర్లు అమ్మిన ఏడాది తిరక్కుండా న్యూయార్క్ పన్నులవాళ్ళ విచారణ మొదలైంది. ఫోన్ బిల్లులు, విమానం టికెట్లు, కుక్క డాక్టరు రసీదులు అన్నీ చూపమన్నారు. మీ భార్య ఇంకా ఇక్కడే ఉంది కదా అన్నారు. అది తేలేదాకా ఇటు రావద్దని, వస్తే అదీ సాక్ష్యమవుతుందని లాయరు బెదరగొట్టాడు.

"ఒక్క పూట వచ్చిపో," అన్నాను ఫోన్లో.

"వస్తే నా ఇల్లు ఇంకా అదేనంటారు."

"కాదా?"



రోజూ తెల్లవారగానే అమ్మ మంచం దగ్గర నిలబడి ఊపిరి వినేదాన్ని. వినబడుతుంటే సంతోషించాలో మరేం చెయ్యాలో తెలిసేది కాదు. ఆ ఆలోచన వచ్చినందుకు అమ్మ దుప్పటి మళ్ళీ మళ్ళీ సర్దేదాన్ని.

విచారణ తేలలేదు. అమ్మ బతికే ఉంది. డ్వైట్ మాత్రం న్యూయార్క్‌కి తిరిగి రాలేదు. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని టాంపాలో గుండె ఆగి చనిపోయాడు.