ఉన్న ఒక్క వెనక కాలు

ఎదురింటి పుష్పావతమ్మ అన్నదట: "ఆ నర్సమ్మకి మొగునికి డబ్బా కట్టేదానికి తీరిక లేదంట గానీ, కుక్క నడుము కింద తువ్వాలేసి, ఎత్తి పట్టుకోని ఉచ్చ పోయిస్తా ఉండాది. కన్నబిడ్డకి కూడా అట్ల చెయ్యరప్పా." ఈ మాట నాకు మోసుకొచ్చింది ఇస్త్రీ బండి చిక్కమునియప్ప. నా నర్సు యూనిఫారాలు మడిచి చేతికిస్తూ, మాట తనది కాదన్నట్టు మొహం పక్కకి తిప్పుకుని చెప్పాడు. "నేనేమీ అన్లేదక్కా. ఆయమ్మ అనింది. నీకు చెప్పకుంటే నాకు ముద్ద దిగదు, దానికి చెప్తా ఉండా."

నాకు కోపం రాలేదు. తువ్వాలు నిజం, ఉచ్చ నిజం. అన్నం డబ్బా మాట ఒక్కటే అబద్ధం. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో నేను ఐజాక్‌కి డబ్బా కట్టని రోజులు ఉన్నాయంటే అవి నేను ఆపరేషనై మంచం మీద పడి ఉన్న రోజులే. జిగణిలో ఆయన పనిచేసే ఫ్యాక్టరీకి బస్సు ఏడింటికి వస్తుంది. అంతకు ముందే డబ్బా గుమ్మం పక్క స్టూలు మీద ఉంటుంది. కొత్త కారు కొన్నా డ్యూటీకి మాత్రం బస్సులోనే పోతాడు. కారు ఆదివారం గుడికి.

ఆ కారు కిందే మా కుక్క జూలీ కాలు పోయింది.

మా చర్చి సంఘంలో కొత్త బండి కొంటే పాస్టరు అయ్యగారిని పిలిచి ప్రార్థన చేయిస్తారు. బానెట్ మీద చెయ్యి వేసి ఆయన ప్రార్థిస్తాడు, చుట్టూ నిలబడ్డవాళ్ళం కళ్ళు మూసుకుంటాం, ఆమెన్ అన్నాక ఇంటి యజమాని ఎక్కి బండి కదిలిస్తాడు. ఆ రోజు నలభై మంది వచ్చారు. లోపల పొయ్యి మీద బిర్యానీ దమ్ములో ఉంది. అది అడుగంటుతుందేమోనని నా ప్రాణమంతా వంటింట్లో ఉంది. ప్రార్థనలో కళ్ళు మూసుకునే తీరిక ఇంటి ఆడదానికి ఎప్పుడు దొరికింది గనక. కళ్ళు తెరిచే ఉన్నాను. ఎండకి నాలుక వేలాడేసుకుని వచ్చిన జూలీ, కారు కింద వెనక చక్రం పక్కన నీడ చూసుకుని పడుకోవడం చూశాను. అయ్యగారు ప్రార్థనలో ఉన్నారు. ప్రార్థన మధ్యలో "కుక్క, కుక్క" అని ఏ కోడలు అరుస్తుంది? ఆమెన్ అనగానే చెబుదాంలే అనుకున్నాను. ఆమెన్ అన్నారు, చప్పట్లు కొట్టారు, నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు, ఐజాక్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. నేను వెనక అద్దం దగ్గరికి పోయి "ఆగండి, కింద జూలీ ఉంది" అన్నాను. లోపలి చిన్న అద్దంలో ఆయన కళ్ళు నా కళ్ళకి తగిలాయి. రెప్పపాటు. సంఘమంతా చూస్తుండగా పెళ్ళాం ఆగమంటే ఆగడమా అన్నది ఆ చూపులో ఉంది. చెయ్యి చాచి పాట సౌండు పెంచి, కారు వెనక్కి తీశాడు.

ఇంకా గట్టిగా అరవాల్సింది. నలుగురిలో గొంతు తగ్గించుకోవడం పంతొమ్మిదేళ్ళు సాధన చేసినదాన్ని, ఆ క్షణానికి గొంతు ఎక్కడ నుంచి తెచ్చుకోను?

జంతువుల ఆసుపత్రి వరండాలో జూలీ రక్తం నా చీరంతా అంటుకుని ఉండగా, "అది కిందకి పోవడం నేను చూశానండీ" అన్నాను ఆయనతో. ఏడుస్తూ అన్నాను. మిగతా సగం, ఆగమన్న సగం, ఆయనకి తెలుసు కదా అని అనలేదు. సాయంత్రానికి ఆ మొదటి సగం సంఘం వాట్సాప్‌లో ఉంది. "ప్రార్థనలో కళ్ళు తెరిచి చూసి కూడా చెప్పలేదట." అయ్యగారి భార్య ఫోన్ చేసి మెత్తగా మందలించింది. "పోనీలే సిస్టర్, ఐజాక్ బ్రదర్ నిన్ను క్షమించానన్నాడు. మంచి మనసు" అంది. నేను "అవునండీ" అన్నాను. ఆయన పరువు కాపాడటం కూడా నా ఇంటి పనుల్లో ఒకటి. గిన్నెలు తోమినట్టు, బొద్దింకల మందు పెట్టినట్టు, ఎవరికీ కనిపించకుండా చేసేది.

కంభం దగ్గర మా ఊళ్ళో కాలు విరిగిన మేక పొద్దుగూకేసరికి కూరయ్యేది. అందులో క్రూరత్వం లేదు, దయా లేదు. కొండెక్కి మేయలేనిదాన్ని ఎవరు మేపుతారని లెక్క. ఐజాక్ కూడా మొదటి రోజు అదే అన్నాడు, కాకపోతే ఇంగ్లీషు ముక్కలు కలిపి. "ఇంజెక్షన్ ఇస్తే పెయిన్ లేకుండా పోతుందట కదా డాక్టర్." డాక్టర్ ఫర్హానా ఆయన వైపు చూడకుండా నన్నడిగింది, "ఇంట్లో చూసుకునేది ఎవరు?" అని. "నేనే" అన్నాను. "అయితే మీరు చెప్పండి" అంది. నా ఇంట్లో ఒక విషయం నన్ను అడిగి తేల్చడం అదే మొదటిసారి. కాలు తీసేయండి, బతికించండి అన్నాను.

ఎడమ వెనక కాలు తుంటి దగ్గరికి తీసేశారు. పంపేటప్పుడు డాక్టర్ కాగితం మీద రాసిచ్చింది, మళ్ళీ నోటితో చెప్పింది. రెండు వారాలు పూర్తి విశ్రాంతి, కుట్లు నాకకుండా మెడకి గరాటా, లేపేటప్పుడు పొట్ట కింద తువ్వాలు, బరువు పెరగనివ్వొద్దు. "అన్నిటికన్నా ముఖ్యం, నున్నటి నేల మీద నడవనివ్వకండి. ఉన్న ఒక్క వెనక కాలు దీనికి ఇప్పుడు రెండు కాళ్ళ పని చెయ్యాలి. అది కూడా జారి, మోకాలి లిగమెంట్ తెగిందంటే నేను చెయ్యగలిగింది పెద్దగా ఏమీ ఉండదమ్మా."

ఆ కాగితాన్ని ఐజాకే పైకి చదివి, ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అతికించాడు. పూర్తి విశ్రాంతి. అదే ఫ్రిజ్ మీద పోయిన ఏడు నా కాగితం కూడా ఉండేది. గర్భసంచి తీసేసినప్పుడు ఆరు వారాలు బరువులెత్తకూడదని రాసిచ్చారు. పదకొండో రోజున అత్తగారు కత్తిపీట తెచ్చి మంచం పక్కన పెట్టారు. "కూర్చునే తరగొచ్చులే అమ్మాయ్, చేతులకేం కాలేదుగా." పదిహేనో రోజున నీళ్ళ బిందె ఎత్తాను. "నువ్వు నర్సువి, నీ ఒళ్ళు నీకు తెలీదా" అన్నాడు ఐజాక్, అంటే నాకు తెలుసు గనక ఇంకెవరూ చూడనక్కర్లేదని. చెప్పుకుంటే సిగ్గు గానీ, మూడు కాళ్ళ కుక్క మీద నాకు ఈర్ష్య కలిగింది. దాని కాగితాన్ని ఒకరు నమ్మారు. నమ్మింది కూడా నేనేనని తర్వాత గుర్తొచ్చింది.

నేను పనిచేసేది ఎముకల వార్డులో. కాళ్ళు తీసేసినవాళ్ళని లేపి కూర్చోబెట్టడం, కర్ర పట్టించి నడిపించడం నా చేతుల పని. లేని పాదం దురదపెడుతోంది గోకమ్మా అని అడిగినవాళ్ళని చూశాను. దుప్పటి మీద ఆ పాదం ఉండాల్సిన చోట గోకితే హాయిగా కళ్ళు మూసుకున్నవాళ్ళనీ చూశాను. జూలీ ఇంటికొచ్చిన మూడో రోజు ఎడమ చెవి గోక్కోబోయింది. తల వంచింది, తుంటి దగ్గర మిగిలిన కండ టకటకమని ఆడుతోంది, చెవిని ఏమీ తాకడం లేదు. ఎందుకు తాకడం లేదో అర్థంకాక నా వైపు చూసింది. నేను కింద కూర్చుని ఆ చెవి గోకాను. కండ ఆడినంతసేపూ గోకాను. వెనక నుంచి అత్తగారు, "పొయ్యి మీద పాలు" అన్నారు.

మా హాలుకి ఐజాక్ వేయించింది తెల్ల మార్బుల్. మొహం చూసుకోవచ్చు అంటాడు వచ్చినవాళ్ళతో. దాన్ని తుడిచేదాన్ని గనక నా మొహం నేను రోజూ చూసుకుంటూనే ఉన్నాను. మా అమ్మ పేడతో అలికిన నేల మీద మనిషి గానీ గొడ్డు గానీ జారి పడగా చూసిన గుర్తు లేదు. చిక్కపేట పోయి, హోల్‌సేల్ అంగట్లో నల్ల రబ్బరు చాపల చుట్ట బేరమాడి, కూలీని పెట్టకుండా భుజాన మోసుకుని తెచ్చాను. పడకగది గుమ్మం నుంచి గేటు దాకా దారిలా పరిచాను. ఐజాక్ డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పకుండానే చూశాడు. "ఏందిది? హాలు అంగన్‌వాడీ చేశావ్" అన్నాడు. "రెండు నెలలండీ" అన్నాను. "దాని కోసం ఇంటిని కుంటిదాన్ని చేస్తావా?" అన్నారు అత్తగారు. ఆ రాత్రి నుంచి వాళ్ళిద్దరూ చాప మీద అడుగు పెట్టకుండా పక్క నుంచి నడిచేవాళ్ళు, పంతం పట్టినట్టు.

జూలీ మాత్రం ఆ నల్ల దారిని నమ్మింది. మొదట తువ్వాలు బరువంతా నాదే. నా నడుము లాగేసేది. పొద్దున్నే డ్యూటీకి ముందు గేటు దాకా, మధ్యాహ్నం వచ్చాక గేటు దాకా. ఉచ్చకి వంగలేక పడిపోయేది, పడ్డచోటే తడిసి సిగ్గుతో తల నేలకానించేది. కడిగి తుడిచేదాన్ని. నాలుగో వారం తువ్వాలు వదులయింది. ఐదో వారంలో ఒక పొద్దున నా చేతిలో తువ్వాలు ఊరికే వేలాడుతోందని, అది తనంతట తనే గేటు దాటిందని ఆలస్యంగా తెలిసింది. గంతు గంతుగా పోయి కరెంటు స్తంభం పక్కన నిలబడి, ఎవరి సాయం లేకుండా పని కానిచ్చుకుంది. చిక్కమునియప్ప ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి చూశాడు. "నిలబడింది కదక్కా" అన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా నేను చేసిన పనుల్లో, చేశావని ఒక మనిషి నోటితో చెప్పిన పని అదొక్కటే అనిపించింది. అన్నది బట్టలు ఇస్త్రీ చేసే మనిషి, చేసింది కుక్కకి.

ఆ వారమే మా ఇంట్లో ప్రార్థన జరిపే గృహ కూటం వంతు వచ్చింది. కారు ప్రార్థన రక్తంతో ముగిసింది గనక ఇది కృతజ్ఞతా కూటంగా జరపాలన్నాడు ఐజాక్. ఆదివారం నాకు పొద్దుటి డ్యూటీ. వెళ్ళేముందు మూడుసార్లు చెప్పాను. కుర్చీలు చాపల మీదే వెయ్యండి, చాపలు తియ్యొద్దండి అని. "సరేలే" అన్నాడు ఫోన్ చూస్తూ. నేను తిరిగొచ్చేసరికి హాలంతా తెల్లగా మెరుస్తోంది. చాపలు చుట్ట చుట్టి బాత్రూంలో నిలబెట్టి ఉన్నాయి. జూలీని వెనక వరండాలో పెట్టి గడియ వేశారు. "కూటం అయ్యాక పరుచుకో, ఎవరొద్దన్నారు" అన్నాడు. అప్పటికే అయ్యగారు చెప్పులు విడుస్తున్నారు. నేను యూనిఫారం మార్చుకుని టీకి నీళ్ళు పెట్టాను. బాత్రూంలోకి పోయి ఆ చుట్టని భుజాన ఎత్తుకుని, అందరినీ లేపి పరిచి ఉండాల్సింది. చిక్కపేట నుంచి మోసుకొచ్చినదాన్ని, బాత్రూం నుంచి హాల్లోకి మోయలేకపోయాను.

పాట అయింది. ఐజాక్ సాక్ష్యానికి లేచాడు. దేవుడు మా కుటుంబం మీదకి రాబోయిన పెద్ద ఆపదని ఒక మూగజీవి కాలుతో సరిపెట్టాడని చెప్పాడు. ఈ నెల రోజుల పైన ఆ ప్రాణికి సేవ చేస్తూ మేము సహనం నేర్చుకున్నామన్నాడు. మేము. తర్వాత గొంతు తగ్గించి, "నా భార్య చూసి కూడా చెప్పలేకపోయింది. ఆమె బలహీనతని నేను ప్రభువులో క్షమించాను" అన్నాడు. ఆడవాళ్ళు నా వైపు జాలిగా చూశారు. అయ్యగారు ఇంకో పాట ఎత్తమన్నారు. ఇంటి ఇల్లాలు గనక నేనే ఎత్తాలి. ఎత్తాను.

అప్పుడే అత్తగారు ఫ్లాస్కు కోసం వెనక వరండా తలుపు తీశారు. నా గొంతు విని జూలీ వచ్చింది. నల్ల దారి ఉంటుందని నమ్మి, గంతు వేసి హాల్లోకి వచ్చింది. రెండో గంతుకి కాలు పక్కకి జారిపోయింది. చిన్న శబ్దం. తడి కొమ్మ విరిగినట్టు కూడా కాదు, తాడు తెగినట్టు. వార్డులో ఆ శబ్దం తర్వాత వచ్చినవాళ్ళని నేను ఎందరినో ఎత్తాను. పరుగెత్తి దాని పక్కన కూలబడి మోకాలి దగ్గర వేళ్ళు పెట్టాను. ఉండాల్సిన బిగువు లేదు. నా వేళ్ళ కింద ఎముక ఎటు తోస్తే అటు జరిగింది. ఫర్హానా చెప్పిన మాట చెవిలో ఉంది. జూలీ అరవలేదు. తల ఎత్తి నా చేతికేసి చూసింది, తువ్వాలు ఏదీ అన్నట్టు.

"అయ్యో" అన్నారెవరో. "మళ్ళీనా" అన్నాడు ఐజాక్, అతిథుల ముందు దొర్లిన విసుగుని దగ్గుతో కప్పేసుకుంటూ. ఆ తర్వాత అయ్యగారితో, "ఇంక దాన్ని బాధపెట్టకుండా పంపించెయ్యడమే మంచిదేమో అయ్యగారూ" అన్నాడు. ఈసారి అది నిజమే కావచ్చని నాకు తెలుసు. ఆ నిజం కూడా ఆయన నోటి నుంచే రావాల్సి వచ్చింది.

అయ్యగారు లేచి చెయ్యి చాచారు. "ప్రార్థన చేద్దాం. అందరూ కళ్ళు మూసుకోండి."

కుర్చీలు సర్దుకున్నాయి. తలలు వంగాయి. జూలీ తల నా ఒళ్ళో బరువుగా ఉంది. పైన ఫ్యాను, మార్బుల్ మీద నా మొహం, దాని పక్కన జూలీ మొహం. ఐజాక్ ఒక కన్ను తెరిచి నన్ను చూశాడు.

"హన్నా. కళ్ళు మూసుకో."

"మూసుకోను. ఆ రోజు కూడా మూసుకోలేదు. ఆగండి, కింద జూలీ ఉందని చెప్పాను. మీరు విన్నారు."