మూడు వేళ్ల దొంగ

కాగితం మీద పాత్రలు రాసుకుని పాచికలతో సాహసాలు చేసే ఆట అది. ఆ ఆదివారం అక్క ఆడుతున్న దొంగ డ్రాగన్ నోట పడి చచ్చాడు. ఆట నడిపించే తమ్ముడు నిబంధనల పుస్తకం తిరగేశాడు.

"మాంత్రికుడు బతికిస్తాడు గానీ, కుడిచేతికి రెండు వేళ్లుండవు. తాళం తియ్యబోయినప్పుడల్లా నాలుగు పాయింట్లు కోత. అలాంటి దొంగ ఎందుకక్కా, దండగ! ఆ కాగితం చింపేసి కొత్తవాణ్ణి రాసుకో."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు. అక్కకు ఒళ్లు మండింది. వీధి మలుపులో తాళాలు బాగుచేసే కొట్టు ఆమెదే. పదేళ్ల కిందట తాళంచెవులు కోసే యంత్రం ఆమె కుడిచేతి రెండు వేళ్లు మింగేసింది. కొట్టు మూసెయ్యమని అప్పుడూ ఇంటిల్లిపాదీ ఇదే పాట పాడారు.

"ఒరేయ్, మొన్న తాళంచెవి పారేసుకుని గుమ్మం ముందు దిక్కులు చూశావే, నీ తలుపు తీసిందెవర్రా?"

తమ్ముడు నీళ్లు నమిలాడు. "నువ్వేగా."

"ఎన్ని వేళ్లతో?"

అక్క ఆ మూడు వేళ్లతోనే పాచిక అందుకుంది.

"నా దొంగని లేపు. కోత ఎంత రాస్తావో రాసుకో. ముందు ఆ తాళమెక్కడుందో చూపించు."