తమ్ముడి పట్టీ, అక్క పరీక్ష

అయినా తానేమన్నా దొంగతనం చేసిందా, తమ్ముడి కంపెనీలో అక్కకు వాటా ఉండటం నేరమా, అద్దె షెడ్డులో వాడు మోకాలి పట్టీలు కుట్టించడం మొదలుపెట్టిన రోజుల్లో జీతమంతా పోసి నిలబెట్టింది తనే కదా, ఇవాళ యూనివర్సిటీలో అవే పట్టీల మీద పరిశోధన చేస్తున్నదీ తనే, పట్టీ మంచిదే, తన నమ్మకం అదే, మరి ఆ వాటా మాట చెప్పడానికెందుకు వెనకాడుతోంది, ఎదురుగా హాల్లో మోకాళ్ళు నిమురుకుంటూ జనం, పట్టీ పరీక్షకు పేరిచ్చి వచ్చినవాళ్ళు, పక్కనే విభాగాధిపతి గొణుగుడు, ఆ వాటా గోల ఇప్పుడెత్తకమ్మా, పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీకి తర్వాత నేను నచ్చజెబుతాగా, జనం బెదిరిపోతే మళ్ళీ ఎక్కణ్ణుంచి పట్టుకొస్తాం, తర్వాతట తర్వాత, నిన్న ఫోనులో తమ్ముడిదీ అదే పాట, అక్కా, నువ్వు నోరు విప్పావంటే నా కొంప మునిగినట్టే, చంకనెత్తుకుని తిప్పిన వెధవ, ఒరేయ్, నీ పట్టీ మీద నమ్మకం లేనిది నాకు కాదు, నీకే అని చెవి మెలిపెట్టాలనిపించింది.

ముందు వరుసలో బస్సు డ్రైవరు, ప్యాంటు మోకాలి పైదాకా మడిచి సిద్ధంగా ఉన్నవాడు, అడిగాడు, డాక్టరమ్మా, మీ అమ్మగారికైతే ఇదే తొడుగుతారా, ఆ, తొడిగాను, రోజూ వేసుకుంటుంది అనేసింది, అబద్ధం కాదు, కానీ అతని మొహం విచ్చుకుంది, అమ్మ వేసుకునేది కొడుకు చేసిన పట్టీ అని అతనికేం తెలుసు.

అంతే, మైకు దగ్గరకు లాక్కుంది, ఇంకో మాట, ఇది చేసేది నా సొంత తమ్ముడు, అందులో నాకూ వాటా ఉంది, ఇది బాగుందని తేలితే నాకూ డబ్బొస్తుంది, అందుకే మీ నొప్పి ఎంత తగ్గిందన్న లెక్కలు నేను చూడను, సంబంధం లేనివాళ్ళు చూస్తారు, ఉంటారో వెళ్తారో మీ ఇష్టం, విభాగాధిపతి గుడ్లురిమాడు, ఎంత పని చేశావమ్మా, ఉరమనీ, తమ్ముడు అలగనీ, వెనక కుర్చీలు కిర్రుమన్నాయి, కొందరు లేచారు, డ్రైవరూ ప్యాంటు మడత దించుకున్నాడు, ఇంట్లో మాట్లాడుకుని చెప్తానమ్మా అంటూ కుంటుతూ నడిచాడు, ఆగండి, పట్టీ నిజంగా మంచిదే అని నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది, నొప్పి అతనిది, మోకాలు అతనిది, నమ్మాలో వద్దో తేల్చుకోవలసిందీ అతనే, అందులో తన నమ్మకానికి ఓటు లేదు.